దిగుడు దారిలో గేరు వదలరాదు: ఇంజన్ బ్రేకింగ్‌తో ఇంధన పొదుపు, ప్రాణ రక్షణ

(ప్రత్యేక వ్యాసం)

గోదావరిఖని: నల్ల బంగారు నేలగా పేరుగాంచిన రామగుండం పారిశ్రామిక ప్రాంతంలో వాహన చక్రం ఆగే సమయమంటూ ఉండదు. ఒకవైపు సింగరేణి ఉపరితల గనులలో మట్టిని, బొగ్గును మోసే భారీ డంపర్లు, మరొకవైపు రాజీవ్ రహదారిపై బొగ్గు లారీలు, ఆర్టీసీ బస్సులు, కార్మికుల ద్విచక్ర వాహనాలు, కార్లు మూడు షిఫ్టులలోను తిరుగుతూనే ఉంటాయి. ఈ వాహనాలను నడిపే వారిలో ఒక నమ్మకం ఏనాటినుంచో స్థిరపడి ఉంది. దిగుడు దారిలో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే ఇంధనం ఆదా అవుతుందన్నదే ఆ నమ్మకం. గేరు తగ్గిస్తే ఇంజన్ వేగంగా తిరుగుతుంది కనుక ఇంధనం ఎక్కువ ఖర్చవుతుందన్న భావన దీనికి తోడైంది. నేటి ఇంజన్ల విషయంలో ఈ రెండు అభిప్రాయాలు కూడా వాస్తవానికి దూరమైనవే. అందులో మొదటిది ప్రాణాంతకం కూడా.

దేశం తన ముడిచమురు అవసరాలలో 85 శాతానికి పైగా దిగుమతుల ద్వారానే తీర్చుకుంటున్నది. ఒక లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు, ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఈ నేపథ్యంలో, కొత్త పరికరమేదీ కొనకుండా, కేవలం నడిపే తీరును సరిదిద్దుకొని ఇంధనాన్ని ఆదా చేసే మార్గాలను ప్రతి చోదకుడు తెలుసుకోవలసి ఉంది.

పాదం ఎత్తినప్పుడు ఏమి జరుగుతుంది?

వాహనం గేరులో ఉండి కదులుతున్నప్పుడు యాక్సిలరేటర్ మీది నుండి పాదం తీస్తే, అప్పటివరకు చక్రాలను తిప్పిన ఇంజన్‌ను ఇప్పుడు చక్రాలే తిప్పుతాయి. పెట్రోలు ఇంజన్‌లో గాలి ద్వారం మూసుకుపోవడం వలన పిస్టన్లు శూన్యానికి ఎదురుగా గాలిని లాగవలసి వస్తుంది. దీనికి ఇంజన్ లోపలి రాపిడి తోడవుతుంది. ఈ రెండింటికి కావలసిన శక్తి వాహనపు వేగం నుండే లభిస్తుంది కనుక వాహనం నెమ్మదిస్తుంది. దీనినే ఇంజన్ బ్రేకింగ్ అంటారు.

ఇంధన పొదుపు రీత్యా గమనించదగిన విషయం ఇక్కడే ఉంది. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ గల కార్లలో పాదం పూర్తిగా ఎత్తి, ఇంజన్ వేగం నిమిషానికి సుమారు 1,200 నుండి 1,500 చుట్లకు పైగా ఉన్నంతసేపు, కంప్యూటర్ ఇంధన సరఫరాను పూర్తిగా నిలిపివేస్తుంది. ఆ సమయంలో ఖర్చయ్యే పెట్రోలు సున్నా. ఇంజన్ వేగం ఆ స్థాయి కంటే దిగువకు రాగానే, ఆగిపోకుండా ఉండేందుకు సరఫరా తిరిగి మొదలవుతుంది. ఈ హద్దు మోడల్‌ను బట్టి, ఇంజన్ వేడిని బట్టి కొంత మారుతుంది.

న్యూట్రల్‌లో పరిస్థితి ఇందుకు భిన్నం. చక్రాలకు, ఇంజన్‌కు సంబంధం తెగిపోతుంది. ఇంజన్ ఆరిపోకుండా తిరగాలంటే దానికి ఇంధనం కావలసిందే. చిన్న కారు ఆ స్థితిలో గంటకు అర లీటరు నుండి ఒక లీటరు వరకు పెట్రోలును తీసుకుంటుంది. అంటే, దిగుడులో గేరులో ఉన్న కారు ఏమీ తాగదు, న్యూట్రల్‌లో ఉన్న కారు చుక్క చుక్కగా తాగుతూనే ఉంటుంది.

పాత నమ్మకానికి మూలం

పెద్దల మాటలో ఒకనాడు కొంత నిజం లేకపోలేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలి తరం మారుతి 800 వంటి కార్లలో కార్బ్యురేటర్ ఉండేది. దానికి కంప్యూటర్ ఆజ్ఞలేవీ ఉండవు. పాదం ఎత్తినా ఇంజన్ పీల్చే గాలితోపాటు కొంత పెట్రోలు లోపలికి వెళ్తూనే ఉండేది. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువగా వెళ్లేది. కనుక నాటి చోదకులు గేరు తగ్గించడం దండుగ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఉద్గార నిబంధనలు 2000 సంవత్సరం నుండి కఠినతరం కావడంతో కొత్త కార్ల నుండి కార్బ్యురేటర్ కనుమరుగైంది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు అమలులోకి రావడంతో ద్విచక్ర వాహనాలలో సైతం ఇంజెక్షన్ విధానం విస్తరించింది. యంత్రం మారినా అలవాటు మాత్రం మారలేదు.

డీజిల్ వాహనాల విషయంలోనైతే ఆ నమ్మకానికి ఆనాడు కూడా ఆధారం లేదు. పాత లారీల ఇంధన పంపులో గవర్నర్ అనే భాగం ఉంటుంది. పాదం ఎత్తినప్పుడు ఇంజన్ ఐడ్లింగ్ వేగానికి మించి తిరుగుతుంటే ఆ గవర్నరే డీజిలును ఆపివేస్తుంది. కంప్యూటర్లు రాకముందు నుండీ లారీలలో ఉన్న సదుపాయమిది. ఒక లారీ ఐడ్లింగ్‌లో గంటకు రెండు లీటర్ల డీజిలు వాడుతుందని అనుకుంటే, 5 నిమిషాల దిగుడును న్యూట్రల్‌లో దిగినందుకు సుమారు 170 మిల్లీ లీటర్లు ఖర్చవుతుంది. అదే దిగుడును గేరులో దిగితే ఆ ఖర్చు ఉండదు. ఆదా అనుకొని చేసిన పని నికరంగా నష్టమే మిగులుస్తున్నది.

లెక్క చెప్పే సత్యం

అయితే ఇంజన్ బ్రేకింగ్ వలన కలిగే లాభాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం కూడా సరికాదు. ఒక చిన్న ఉదాహరణ పరిశీలిస్తే విషయం స్పష్టమవుతుంది.

ఒక టన్ను బరువు గల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నదనుకుందాం. ఆ వేగంలో దాగి ఉన్న శక్తి సుమారు 139 కిలోజౌళ్లు. పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతు మాత్రమే చక్రాలకు చేరుతుందన్న లెక్కన, నిలిచి ఉన్న కారును ఆ వేగానికి తీసుకురావడానికి సుమారు 17 మిల్లీ లీటర్ల పెట్రోలు అవసరం. బ్రేకు నొక్కి కారును పూర్తిగా ఆపిన ప్రతిసారీ ఆ 17 మిల్లీ లీటర్లు బ్రేకుల వద్ద వేడిగా మారి గాలిలో కలిసిపోతాయి. అటువంటివి 60 సార్లు జరిగితే ఒక లీటరు పెట్రోలు పోయినట్లే. వేగం 80 కిలోమీటర్లయితే ఒక్కొక్క ఆపుడుకు పోయేది 30 మిల్లీ లీటర్లకు పైమాటే.

ఇక 10 సెకన్లపాటు న్యూట్రల్‌కు బదులు గేరులో ఉంచినందువలన మిగిలేది ఎంత? ఐడ్లింగ్‌లో నిమిషానికి 10 మిల్లీ లీటర్ల లెక్కన, రెండు మిల్లీ లీటర్ల లోపే. అసలైన పొదుపు వేరొక చోట ఉన్నది. ఎన్టీపీసీ కూడలి వంటి రద్దీ ప్రదేశం 250 మీటర్ల దూరంలో కనిపిస్తున్నదనుకుందాం. చివరి వరకు యాక్సిలరేటర్ నొక్కిపట్టి, ఒక్కసారిగా బ్రేకు వేసే చోదకుడు ఆ 250 మీటర్లకు 12 మిల్లీ లీటర్ల దాకా పెట్రోలు వాడతాడు. దూరం నుండే చూసి పాదం ఎత్తి, గేరులోనే వదిలిన చోదకుడు అదే దూరాన్ని దాదాపు ఏమీ వాడకుండా పూర్తి చేస్తాడు. పైగా తాను చేరేలోగా దారి క్లియర్ అయితే, పూర్తిగా ఆగవలసిన అవసరమే లేకుండా మిగిలిన వేగంతో ముందుకు సాగిపోతాడు. ఈ లెక్కలన్నీ ఉజ్జాయింపువే అయినా, వాటి మధ్య నిష్పత్తి చెప్పే పాఠం ఒక్కటే. పొదుపు గేరు కడ్డీలో కంటే చోదకుని చూపులో ఎక్కువగా ఉన్నది.

గేరు తగ్గిస్తే లాభమా, నష్టమా?

దీనికి సందర్భాన్ని బట్టి సమాధానం ఉంటుంది. నెమ్మదించవలసిన అవసరం లేనప్పుడు గేరు తగ్గించడం నష్టమే. తక్కువ గేరులో ఇంజన్ వేగంగా తిరిగి, కష్టపడి సంపాదించిన వేగాన్ని హరిస్తుంది. ఆ వేగాన్ని తిరిగి పొందాలంటే మళ్లీ ఇంధనం పోయవలసిందే. సమతల రోడ్డు మీద, కొద్దిపాటి వాలులో పైగేరులోనే ఉండి యాక్సిలరేటర్‌ను తేలికగా తాకి ఉంచడం ఉత్తమం. ఇటువంటి స్వల్ప వాలులో న్యూట్రల్‌లో వదిలిన వాహనం మరికొంత దూరం దొర్లుతుందన్నది నిజమే. కానీ అందువలన మిగిలేది స్వల్పం, పోయే అదుపు అధికం.

ఎలాగూ నెమ్మదించవలసి ఉన్నప్పుడు పరిస్థితి వేరు. ముందు స్పీడ్ బ్రేకర్ గాని, మలుపు గాని ఉన్నప్పుడు మొదట పైగేరులోనే పాదం ఎత్తాలి. ఇంజన్ వేగం తగ్గి ఇంధన సరఫరా తిరిగి మొదలయ్యే హద్దుకు చేరువైనప్పుడు ఒక గేరు తగ్గిస్తే ఇంజన్ వేగం పెరిగి, సరఫరా మరికొంతసేపు ఆగి ఉంటుంది. మలుపు దాటాక తిరిగి వేగం అందుకోవడానికి తగిన గేరు సిద్ధంగా ఉంటుంది. అయితే ప్రతి గేరును వరుసగా తగ్గిస్తూ, ప్రతిసారీ యాక్సిలరేటర్‌ను గుద్ది ఇంజన్‌ను గర్జింపజేయడం వలన ఆదా అయినది కాస్తా ఖర్చయిపోతుంది. క్లచ్ ప్లేట్లు కూడా త్వరగా అరుగుతాయి. క్లచ్ మార్చే ఖర్చుతో పోలిస్తే బ్రేకు ప్యాడ్ల ఖర్చు తక్కువ. కనుక సాధారణ వేగాలలో వాహనాన్ని ఆపే పని బ్రేకులదే. ఇంజన్ వాటికి తోడు మాత్రమే.

దీర్ఘమైన దిగుడులో మాత్రం గేరు తగ్గించడం తప్పనిసరి. అక్కడ ప్రశ్న మైలేజీది కాదు, బ్రేకుల మనుగడది.

గని లోతులలో నిత్య పాఠం

ఈ సూత్రం సింగరేణి ఉపరితల గనులలో ప్రతి షిఫ్టులోను ఆచరణలో కనిపిస్తుంది. సింగరేణిలో ఉపరితల గనుల తవ్వకం 1975లో మొదలైంది. గని అడుగు నుండి పైకి మట్టిని, బొగ్గును మోసుకొచ్చిన డంపర్ ఖాళీగా తిరిగి కిందికి దిగుతుంది. ఎక్కేటప్పుడు డీజిలు ఖర్చు అధికం. దిగేటప్పుడు పరీక్ష బ్రేకులకు.

100 టన్నుల మోత సామర్థ్యం గల డంపర్ ఖాళీ బరువు 70 టన్నులని అనుకొని, అది 100 మీటర్ల లోతుకు దిగుతుందనుకుందాం. గని రోడ్ల వాలు సాధారణంగా 16 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఉంటుంది. ఆ లెక్కన దిగుడు దూరం 1.6 కిలోమీటర్లు. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి సుమారు 69 మెగాజౌళ్లు. ఇది దాదాపు 230 లీటర్ల నీటిని మరిగించగల వేడికి సమానం. టైర్లకు, రోడ్డుకు మధ్య రాపిడి ఇందులో మూడో వంతును హరించినా, మిగిలినదంతా ఐదు నిమిషాల వ్యవధిలో ఎక్కడో ఒకచోట ఖర్చు కావలసిందే. దానిని బ్రేకుల మీదనే వేస్తే అవి ఎర్రగా కాలిపోతాయి. అందుకే భారీ డంపర్లకు రిటార్డర్ అనే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. అది వేగాన్ని అడ్డుకోగా పుట్టిన వేడిని నూనె ద్వారా రేడియేటర్‌కు చేరవేస్తుంది. తగిన గేరు, రిటార్డర్, ఇంజన్ ఈ మూడూ కలిసి వేగాన్ని అదుపులో ఉంచుతాయి. బ్రేకు అవసరానికి చల్లగా మిగిలి ఉంటుంది. ఈ దిగుడంతటా ఇంజన్‌కు అందే డీజిలు నామమాత్రమే.

డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు ఇంజన్ మాదిరిగా గాలి ద్వారం మూసుకోదు కనుక దాని సహజ ఇంజన్ బ్రేకింగ్ బలహీనంగా ఉంటుంది. ఆ లోటును పూరించేందుకే లారీలు, బస్సులలో ఎగ్జాస్ట్ బ్రేకును అమర్చుతారు. పొగ గొట్టంలోని రేకు మూసుకొని, ఇంజన్ తన పొగనే తాను నెట్టుకోవలసి వచ్చేలా చేసి వాహనాన్ని నెమ్మదింపజేస్తుంది. వాహనం గేరులో ఉంటేనే ఈ బ్రేకు పనిచేస్తుందన్నది గమనార్హం. న్యూట్రల్‌లో దాని మీట నొక్కినా ప్రయోజనం శూన్యం.

న్యూట్రల్‌తో పొంచి ఉన్న ముప్పు

దిగుడులో న్యూట్రల్‌లో వెళ్లే వాహనపు భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. ఎడతెగకుండా నొక్కిన కొద్దీ డ్రమ్ములు, లైనర్లు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎయిర్ బ్రేకు గల బస్సులు, లారీలలో గాలిని నింపే కంప్రెసర్ ఇంజన్‌తోనే తిరుగుతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా పదే పదే బ్రేకు నొక్కితే ట్యాంకులోని గాలి త్వరగా తరిగిపోతుంది. ఆ సమయంలో తిరిగి గేరు వేయబోతే, పెరిగిన వేగం వలన గేరు పడదు.

కొందరు చోదకులు ఒక అడుగు ముందుకు వేసి ఇంజన్‌నే ఆపివేస్తుంటారు. కారులో ఇంజన్ ఆగితే బ్రేకుకు తోడ్పడే శూన్యపీడనం రెండు మూడు నొక్కులకే అయిపోతుంది. పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. తాళం చెవిని పూర్తిగా తిప్పితే స్టీరింగ్‌కు తాళం పడే ప్రమాదమూ ఉంది.

దిగుడు దారిలో భారీ వాహనం అదుపు తప్పితే కలిగే నష్టం ఎంతటిదో ఉమ్మడి కరీంనగర్ జిల్లా ప్రజలకు వేరుగా చెప్పనవసరం లేదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ మార్గంలో ప్రయాణికులతో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడిన దుర్ఘటనలో 60 మందికి పైగా మరణించారు. కొన్ని వందల మిల్లీ లీటర్ల డీజిలు ఏ ప్రాణానికీ సరితూగదు. ఆ మాటకొస్తే, పైన వివరించిన విధంగా న్యూట్రల్‌లో ఆ కొద్దిపాటి డీజిలు కూడా మిగలదు.

విద్యుత్ వాహనాలలో మరో ముందడుగు

సాధారణ వాహనంలో ఇంజన్ బ్రేకింగ్ ఇంధనాన్ని ఖర్చు కాకుండా ఆపుతుందే తప్ప, పోయిన శక్తిని తిరిగి ఇవ్వదు. విద్యుత్ వాహనాలు, హైబ్రిడ్ కార్లు ఈ లోటును కొంతవరకు తీరుస్తున్నాయి. పాదం ఎత్తగానే వాటి మోటారు జనరేటర్‌గా మారి, వేగంలోని శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి చేరుస్తుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మాత్రం ఈ సామర్థ్యం తగ్గుతుంది. ముందుచూపుతో పాదం ఎత్తే అలవాటు గల చోదకుడు రేపటి వాహనంలోను ఎక్కువ దూరం వెళ్లగలడు.

వాహన చోదకులు పాటించవలసిన అంశాలు

- కూడలి, స్పీడ్ బ్రేకర్, మలుపు కనిపించిన వెంటనే పాదం ఎత్తి, వాహనాన్ని గేరులోనే ఉంచాలి. ఆగబోయే ముందు మాత్రమే క్లచ్ నొక్కాలి.
- సమతల మార్గంలో వీలైనంత పైగేరులో, నిలకడైన వేగంతో నడపాలి. అవసరం లేకుండా గేరు తగ్గించరాదు.
- దీర్ఘమైన దిగుడు మొదలయ్యే ముందే గేరు తగ్గించాలి. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలన్నది మంచి కొలమానం.
- గేరును ఒక్కొక్కటిగానే తగ్గించాలి. అధిక వేగంలో ఒకేసారి రెండు మూడు గేర్లు తగ్గిస్తే ఇంజన్ తన పరిమితికి మించి తిరిగి దెబ్బతింటుంది.
- వర్షాకాలంలో బొగ్గు పొడి, మట్టి కలిసిన జారుడు రోడ్లపై ఆకస్మికంగా గేరు తగ్గిస్తే చక్రాలు జారే ప్రమాదముంది. గేరును, క్లచ్‌ను మృదువుగా వాడాలి.
- ఇంజన్ బ్రేకింగ్‌తో నెమ్మదిస్తున్నప్పుడు వెనుక ఎర్ర దీపం వెలగదు. వెనుక వచ్చే వాహనాన్ని అద్దంలో గమనించి, అవసరమైతే బ్రేకును తేలికగా తాకి హెచ్చరించాలి.
- ఆటోమేటిక్ కార్లలో దిగుడు దారులకు ఉద్దేశించిన తక్కువ గేరు లేదా మాన్యువల్ స్థానాన్ని ఎంచుకోవాలి. న్యూట్రల్‌ను వాడరాదు.
- టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, బ్రేకులు పట్టేయకుండా ఉండటం వంటి అంశాలను క్రమం తప్పకుండా పరిశీలించాలి.

కొలమానం మారాలి

కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ పరిధిలో 1978 నుండి పనిచేస్తున్న పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం ఇంధన పొదుపుపై చోదకులలో చైతన్యం కలిగిస్తూ వస్తున్నది. ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ చోదకుల పనితీరును లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న అంకెతో కొలవడం పరిపాటి. ఆ అంకె అవసరమే. అయితే అది ఎలా వచ్చిందన్నది కూడా అంతే అవసరం. మైలేజీ పెంచాలన్న ఒత్తిడి చోదకుని న్యూట్రల్ వైపు నెట్టకుండా చూసుకోవలసిన బాధ్యత అధికారులపై ఉన్నది. ఇంధన లెక్కతోపాటు బ్రేకు లైనర్ల అరుగుదల, క్లచ్ మార్పిడి, ప్రమాదాల నమోదును కూడా కలిపి పరిశీలించినప్పుడే మంచి చోదకుడెవరో తేటతెల్లమవుతుంది. ముందుచూపుతో నడిపే చోదకుని వాహనంలో ఇంధనం, లైనర్లు రెండూ ఎక్కువ కాలం వస్తాయి. డిపోలలో, గనులలో, కార్యాలయాలలో నిర్వహించే శిక్షణలో ఈ లెక్కలను చోదకుల భాషలో వివరించడం, పత్రికలు కూడా వీటిని ప్రజలకు చేరవేయడం ఎంతో మేలు చేస్తుంది.

గని అడుగుకు దిగే డంపర్ ఆపరేటర్ గేరు వదలడు. వదిలితే ఏమవుతుందో అతనికి తెలుసు. అదే జాగ్రత్తను రాజీవ్ రహదారిపై ప్రయాణించే ప్రతి చోదకుడు అలవరచుకున్ననాడు ఇంధనమూ మిగులుతుంది, ఇంటికి క్షేమంగా చేరే భరోసా కూడా లభిస్తుంది.